గొంతులో గొట్టం ఉన్న మనిషి మాట్లాడలేడు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిన్నచూపు. భయం కాదు, జాలి కూడా కాదు. అచ్చమైన చిన్నచూపు. ఫిజీలో మా ఊరు లోవులో మగవాళ్ళు, మత్తెక్కించే యంగోనా కషాయం గిన్నె చుట్టూ కూర్చుని, మూడో చిప్ప తాగేసరికి, చెరకు తోటలో తెల్లచీర ఆడమనిషిని చూశామని మొదలుపెట్టేవారు. అందరికీ కనిపించేది ఆ ఒక్క మనిషే, ఆ ఒక్క చీరే. దయ్యానికి రెండో చీర ఉండదా అని నేను అడిగితే మా నాన్న నన్ను లోపలికి పొమ్మనేవాడు.

పెద్దయ్యాక ఆ చిన్నచూపు తగ్గలేదు, చదువు తోడై ఇంకా పదునెక్కింది. కాబట్టి ఇప్పుడు నేను రాయబోయేది చదివి ఎవరైనా పెదవి విరిస్తే నాకు కోపం రాదు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ విరిచేదాన్నే. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం కూడా అదే.

నేను శ్వాసకోశ చికిత్స చేసేదాన్ని. ఇంగ్లీషులో రెస్పిరేటరీ థెరపిస్ట్ అంటారు. ఫిజీలో ఈ మాట చెబితే చాలామంది "అంటే నర్సువా?" అంటారు. కాదంటే "మరి డాక్టరువా?" అంటారు. అదీ కాదంటే ఇక వాళ్ళకి నాతో పని ఉండదు. బీమా ఏజెంటుగా పనిచేసే మా పెద్దమ్మ కొడుకు పెళ్ళిళ్ళలో నన్ను పరిచయం చేస్తూ, "సైకిల్‌కి గాలి కొట్టినట్టు మా చెల్లి మనుషులకి గాలి కొడుతుంది" అనేవాడు. తన మాటకి ముందు తనే నవ్వేవాడు. తర్వాత అతనికి ఉబ్బసం వచ్చింది. పీల్చే మందుని సెంటు కొట్టుకున్నట్టు నాలుక మీద కొట్టుకుని, పనిచేయడం లేదని నా మీద ఫిర్యాదు చేశాడు.

ఆ చదువు మా దేశంలో లేదు. నేను స్కాలర్‌షిప్ మీద విశాఖపట్నం వెళ్ళి నాలుగేళ్ళు చదివాను. మా ముత్తాతలు చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్ళే, కానీ మా ఇంట్లో మాట్లాడేది ఫిజీ హిందీ. తెలుగు అంటే మా నాయనమ్మ పోపు పెడుతూ గొణుక్కునే మాటలు, ఆదివారం భజనలో పాటలు, అంతే. హాస్టల్లో నేను నోరు విప్పితే అమ్మాయిలు చుట్టూ మూగేవారు. "నీది మా ముత్తవ్వల తెలుగు" అని ఒకటే నవ్వు. ఆ నవ్వు ఆపడానికే పట్టుబట్టి చదవడం, రాయడం నేర్చుకున్నాను. ఇది తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ పంతం పుణ్యమే.

మొదటి ఏడాది ఒక రోజు మా మాస్టారు మాంసం కొట్టునుంచి మేక ఊపిరితిత్తులు తెప్పించి, గొట్టం పెట్టి ఊదారు. పళ్ళెంలో చల్లగా, బూడిదరంగులో పడి ఉన్న ముద్ద కళ్ళముందే లేత గులాబి రంగులో పొంగి పైకి లేచింది. వదిలేస్తే మళ్ళీ కుంగింది. వెనక బెంచీ అమ్మాయి వాంతి చేసుకుంది. నేను మాత్రం ఇంకోసారి ఊదండి సార్ అన్నాను. నాకు ఆ తర్వాత ఏ గుడిలోనూ అంత ఆశ్చర్యం కలగలేదు.

పని అంటే ఇది. మణికట్టులో లోతుగా ఉండే ధమని లోంచి నెత్తురు తీసి అందులో ప్రాణవాయువు ఎంతుందో చూడాలి. ఛాతీ మీద చెవిపెట్టినట్టు వినాలి, ఏ మూల గాలి ఆడుతోందో, ఏ మూల ఆడటం లేదో తేల్చాలి. సొంతంగా ఊపిరి తీసుకోలేని మనిషికి యంత్రం పెట్టాలి, ఒక్కో ఊపిరి ఎంత, ఎంత వేగం, ఎంత ఒత్తిడి అన్నది సరిచూడాలి. గొట్టంలో చేరిన కఫాన్ని సన్నటి ట్యూబుతో లాగాలి. అన్నిటికంటే కష్టం, ఆ మనిషిని యంత్రం నుంచి మెల్లగా మాన్పించాలి. పసిపిల్ల చేత పాలు మాన్పించడం కంటే ఓపిక కావాలి. ఇందులో మంత్రం లేదు, మహిమ లేదు. గాలి, ఒత్తిడి, తడి, వేడి. అంతే.

చదువయ్యాక ఫిజీలో పెద్ద దీవి విటి లేవులో ఒక ఆసుపత్రిలో చేరాను. దాని పేరు ఇక్కడ అనవసరం. సైన్యం ప్రభుత్వాన్ని కూల్చిన కుదేతా తర్వాత పెద్ద డాక్టర్లు చాలామంది ఆస్ట్రేలియాకీ, న్యూజిలాండ్‌కీ వెళ్ళిపోయిన రోజులవి. మిగిలినవాళ్ళలో కొందరు మనిషి బరువు చూసి యంత్రానికి గాలి లెక్క రాసేవారు. పొట్ట పెరిగినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు, ఎత్తు చూసి రాయండి అంటే ముఖం మాడ్చుకునేవారు. నేను వాళ్ళ ముందే కాగితం మీద కొట్టేసి సరిచేసేదాన్ని. నన్నెవరూ ఇష్టపడేవారు కాదు. ఇష్టపడమని నేనూ ఎవరినీ అడగలేదు.

మా వార్డులో రెండు పాత యంత్రాలు, రెండు మంచాలు. ఆ గదిలో ఎవరో తిరుగుతుంటారని నర్సుల్లో ఒక పుకారు. గోడ వెనక ప్రాణవాయువు పైపు చల్లబడినప్పుడు టక్‌మంటుందని నేను వాళ్ళని తీసుకెళ్ళి చూపించాను. చూశారు, తలలూపారు, మర్నాడు మళ్ళీ అదే కబురు. ఒక రోగి బంధువులు యంత్రానికి నల్లతాడు, దానికో నిమ్మకాయ కట్టారు. కత్తెర తెచ్చి వాళ్ళ ముందే కత్తిరించి చెత్తబుట్టలో వేశాను. ఆ ముసలావిడ నా వైపు చూసిన చూపుని కూడా నేను లెక్కచేయలేదు.

అప్పుడు మా వార్డుకి గురవయ్య అనే పెద్దాయన వచ్చాడు. ఇంకో దీవిలో లబాసా వైపు చెరకు రైతు. డెబ్బై దాటాయి. జీవితమంతా తాగిన చుట్టలు, కోతల ముందు తోటలకి పెట్టే మంటల పొగ కలిసి ఊపిరితిత్తుల్ని తినేశాయి. ఆ పైన న్యుమోనియా వస్తే విమానంలో మా దగ్గరికి పంపారు. నోట్లోంచి వేసిన గొట్టంతో రోజులు గడిచినా యంత్రం వదలలేకపోయాడు. అప్పుడు డాక్టర్లు మెడ ముందు చిన్న రంధ్రం చేసి, అందులోంచి పొట్టి గొట్టం పెట్టారు.

ఆ గొట్టం గురించి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. దాని చివర చుట్టూ చిన్న బుడగ ఉంటుంది. బుడగలోకి గాలి ఎక్కిస్తే అది శ్వాసనాళానికి బిగుసుకుంటుంది. ఇక ఊపిరి వచ్చేదీ పోయేదీ ఆ గొట్టంలోంచే. మాట పలికించే స్వరతంత్రులు దానికి పైన ఉంటాయి. అక్కడికి గాలి చేరదు. గాలి చేరకపోతే గొంతు పలకదు. పెదవులు కదిలించవచ్చు, ఏడవవచ్చు, కానీ శబ్దం రాదు. ఇది నా నమ్మకం కాదు. పైపుల సంగతి.

అందుకే ఆయనకి పలక ఇచ్చాం. మెలకువగా ఉన్నప్పుడు దాని మీద ఇంగ్లీషు అక్షరాలతో హిందీ మాటలు వంకరటింకరగా రాసేవాడు. దాహం అనో, వీపు దురద అనో. నేను తాతా అని పిలిస్తే కళ్ళతో నవ్వేవాడు.

పక్క మంచం మీద రోహిణి. ప్రైమరీ స్కూలు టీచరు, పాతికేళ్ళు. నరాల జబ్బు. కాళ్ళలో తిమ్మిరిగా మొదలై, నడుముకి, చేతులకి పాకి, చివరికి ఊపిరి పీల్చే కండరాల్ని కూడా పడేసింది. ఈ జబ్బు చాలామందికి నెలల మీద నయమవుతుంది, అప్పటిదాకా యంత్రంతో బతికించుకుంటే. తెలివి మాత్రం చెక్కు చెదరదు. రోహిణికి అంతా వినిపించేది, అంతా తెలిసేది. కనురెప్పలు తప్ప ఏదీ కదిలేది కాదు. చూడటానికి వచ్చిన చుట్టాలు ఆమె మంచం దగ్గరే నిలబడి, ఇక పెళ్ళి ఎలా అవుతుంది అని మాట్లాడుకునేవారు. వాళ్ళని నేను బయటికి పంపేసేదాన్ని. ఆమె ఒంటి మీద చెయ్యి వేసే ముందు ఏం చేయబోతున్నానో చెప్పి చేసేదాన్ని. నేను గర్వంగా చెప్పుకోగలిగినవి కొన్నే. అందులో అదొకటి.

ఆ రోజు మధ్యాహ్నం. రోగుల భోజనాలు అయిపోయాయి. ఈ సంగతి నొక్కి చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కథలన్నీ చీకట్లోనే జరుగుతాయి. కిటికీ లోంచి ఎండ నేల మీద పడుతోంది. బయట గడ్డి కోసే మిషన్ అప్పుడే ఆగింది.

రోహిణి గొట్టంలో కఫం తీయాలి. అందుకు యంత్రాన్ని కాసేపు విడదీయాలి. విడదీస్తే అలారం అరుస్తుంది. ఇప్పటి యంత్రాల్లో ఆ అరుపు ఆపినా రెండు నిమిషాల్లో తనే మళ్ళీ మొదలవుతుంది. మా పాత యంత్రానికి వెనక ఒక మీట ఉండేది. ఆపితే ఆగినట్టే, మళ్ళీ మనమే తిప్పాలి. తిప్పడం మరిచిపోయిన నర్సుల్ని నేను అందరి ముందూ కడిగేసేదాన్ని. ఒకమ్మాయి ఏడ్చింది. "ఏడవడం కాదు, మీట తిప్పడం నేర్చుకో" అన్నాను.

పరదా లాగి, మీట ఆపి, కఫం తీశాను. గొట్టం మళ్ళీ తగిలించాను. అంతలో వరండా లోంచి కొత్త డాక్టరు కుర్రాడు ఎక్స్-రే చూడమని పిలిచాడు. నేను వెళ్ళకపోతే తనకి తోచిందేదో రాసేస్తాడని నాకు తెలుసు. వస్తున్నా అన్నాను. రోహిణితో "అయిపోయింది" అని చెప్పి పరదా బయటికి వచ్చాను.

మీట తిప్పలేదు.

వేలికి తగిలిస్తే ప్రాణవాయువు శాతం చూపించే పరికరం అప్పట్లో ఆ రెండు మంచాలకీ ఒకటే. అది ఆ సమయానికి తాత వేలికి ఉంది. దారిలో ఆయన అంకెలు చూశాను. బాగున్నాయి. కళ్ళు మూసి ఉన్నాయి, ఛాతీ యంత్రంతో పాటు లేస్తూ పడుతోంది. ఆయన మంచానికి ఎదురుగా గోడకున్న సింకు దగ్గర నర్సు లితియా సిరంజీలు కడుగుతోంది. లితియా తవువా ఊరి దగ్గర మావాళ్ళ మధ్య పెరిగిన ఫిజియన్ మూలవాసి అమ్మాయి, హిందీ మాకంటే బాగా మాట్లాడుతుంది. తెలుగు ఒక్క ముక్క రాదు.

నేను తలుపుకి రెండడుగుల దూరంలో ఉన్నాను.

"అమ్మాయీ, ఆ పిల్లకి ఊపిరి లేదు."

వెనకనుంచి. గట్టిగా కాదు, గుసగుసగానూ కాదు. పక్క గదిలోంచి ఇంట్లో మనిషి మామూలుగా చెప్పినట్టు. అందులో తొందర కూడా లేదు.

"ఏమిటి తాతా?" అన్నాను, తల తిప్పకుండానే.

నా నోట్లోంచి ఆ మాట బయటపడ్డాక కాళ్ళు ఆగిపోయాయి. వెనక్కి తిరిగాను. గురవయ్య నిద్రపోతున్నాడు. పెదవులు ఎండిపోయి మూసుకుని ఉన్నాయి. మెడలో గొట్టం ఉంది, గొట్టానికి యంత్రం ఉంది.

అప్పుడు నేనేం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది. నా మీద నాకే ఏవగింపు వేసింది. యంగోనా గిన్నె దగ్గర కూర్చునే మగవాళ్ళలాగా తయారయ్యాను అనుకున్నాను. పొద్దుటినుంచి తిండి లేక చెవులు మోగుతున్నాయి అనుకున్నాను. మళ్ళీ తలుపు వైపు తిరిగాను. రోహిణిని చూడటానికి వెళ్ళలేదు. వెళ్ళిపోబోయాను.

లితియా కుళాయి కట్టేసింది. "మేడమ్, తాతకి ఏం కావాలట?" అంది.

అంటే ఆమెకీ వినిపించింది. పరుగెత్తి పరదా లాగాను.

గొట్టం జాయింటు ఊడిపోయి దిండు మీద పడి ఉంది. యంత్రం తన మానాన తను గాలిని దిండులోకి ఊదుతోంది. రోహిణి ముఖం నీలంగా మారింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నా వైపే చూస్తున్నాయి. మనిషి అంత మాట కళ్ళతో అనగలడని నాకు అంతకుముందు తెలియదు.

చేత్తో నొక్కి గాలి పంపే రబ్బరు సంచి అందుకుని ఆమె గొట్టానికి తగిలించి నొక్కడం మొదలుపెట్టాను. నాడి నెమ్మదిగా, విడివిడిగా కొట్టుకుంటోంది. లితియా తాత వేలినుంచి పరికరం ఊడదీసి తెచ్చి ఆమె వేలికి పెట్టింది. "రోహిణీ, నేనే. గాలి ఇస్తున్నాను. ఇదిగో ఇంకొకటి. ఇదిగో ఇంకొకటి." హిందీలో అదే అదే అంటూ నొక్కాను. పెదవుల్లో ముందు రంగు వచ్చింది. తర్వాత నాడి పుంజుకుంది. కళ్ళ చివరలనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. లితియా తుడిచింది. నా చేతుల్లోంచి సంచి తను తీసుకుంది.

ఎంతసేపు అలా ఉందో నాకు తెలియదు. ఇంకొంచెం సేపు అయితే ఏమయ్యేదో తెలుసు.

రోహిణి కుదుటపడ్డాక నేను నేరుగా గురవయ్య మంచం దగ్గరికి వెళ్ళాను. నాకు కావలసింది కారణం. బుడగలో ఒత్తిడి కొలిచాను. ఎంత ఉండాలో అంతే ఉంది. మెడ మీద స్టెతస్కోపు పెట్టి విన్నాను. గాలి పక్కలనుంచి కారితే సన్నగా బుసకొడుతుంది. అదేమీ లేదు. యంత్రం లోపలికి పంపిన గాలి ఎంతో, తిరిగి వచ్చినది అంతే. ఆ గొంతుదాకా ఒక్క పిసరు గాలి పోవడం లేదు. మొత్తం రెండోసారి చూశాను. మూడోసారి కూడా.

లితియా పక్కన నిలబడి చూస్తోంది.

"మేడమ్, 'ఉపిరి లేందు' అంటే ఏమిటి?"

"ఏమన్నావు?"

"ఉపిరి లేందు. తాత అన్నాడుగా. అది హిందీ కాదు."

తన భాష యాసలో 'ద' ముందు అరసున్నలాంటి మోత వచ్చింది. కానీ మాట అదే. వార్డులో నేను మాట్లాడేది ఇంగ్లీషు, లేకపోతే హిందీ. శ్వాస అనాలన్నా హిందీ మాటే అంటాను. ఆ తెలుగు మాట నా నోట ఆమె ఎన్నడూ వినలేదు.

"ఎటునుంచి వినిపించింది?" అని అడిగాను.

మంచం వైపు గడ్డం ఊపింది. "అటునుంచే. నేను వెన్ను తిప్పి ఉన్నాను. గొట్టం ఉంది కదా, ఎలా మాట్లాడుతున్నాడు అని అనుకున్నాను. మీరు జవాబు చెప్పారు కాబట్టి మీరేదో చేసి మాట్లాడేలా చేశారనుకున్నాను."

ఆమె సిరంజీలు తుడిచి పళ్ళెంలో సర్దింది.

సాయంత్రం గురవయ్య లేచాక పలక ఇచ్చి అడిగాను. నన్ను పిలిచావా? మధ్యాహ్నం ఏమైనా అన్నావా? చాలాసేపు నా ముఖం చూశాడు. "హమ్ సోవత్ రహా" అని రాశాడు. నిద్రపోతున్నానని. తర్వాత గొట్టం మీద వేలు పెట్టి చూపించి, దీంతోనా అన్నట్టు కనుబొమ్మలు ఎత్తాడు. ఆ క్షణాన వార్డులో తెలివైన మనిషి ఆయనొక్కడే అనిపించింది.

ఆయన కోడలు వచ్చినప్పుడు, మీ మావగారికి తెలుగు వచ్చా అని మాటవరసకి అడిగాను. "పితాజీకి తెలుగు ఎక్కడొస్తుంది, దీదీ. రెండు భజనలు పాడతాడు, బస్. మాట్లాడితే ఆజీ మాట్లాడేది, ఆయన అమ్మ. నేను పెళ్ళయి వచ్చే ముందే పోయింది" అంది. నేను ఇక ఆ ప్రశ్న పొడిగించలేదు. ఆజీ పేరు ఎత్తగానే ఇలాంటి కథలు ఎటు పోతాయో నాకు తెలుసు. ఆ దారిన నేను పోను.

జరిగిన పొరపాటుకి ఫారం నింపాలి. అలారం నేనే ఆపి, మళ్ళీ పెట్టడం మరిచిపోయానని రాశాను. మా పైఅధికారి చదివి, "ఎందుకమ్మా, యంత్రం పాతదని రాయండి, అయిపోతుంది" అన్నాడు. అలాంటి మనిషిని గౌరవించడం ఎలాగో నాకు తెలియదు. అలాగే ఉంచండి అన్నాను. కానీ ఆ కాగితంలో ఇంకో గడి ఉంది. పొరపాటు ఎలా బయటపడింది? దాని ముందు చాలాసేపు కూర్చున్నాను. చివరికి, నర్సు హెచ్చరించింది అని రాశాను.

లితియా సంతకం పెట్టే ముందు చదివింది. "నేను హెచ్చరించలేదు మేడమ్. అడిగాను."

"మరేం రాయమంటావు?"

కలం తీసుకుని సంతకం పెట్టింది. "మనిద్దరికీ వినిపించింది. ఆ పిల్ల బతికింది. మీకు ఇంకా ఏం కావాలి?" అంది. ఆమె గొంతులో భయం లేదు. కొంచెం విసుగు ఉంది, అంతే.

నాకు కావలసింది చాలా ఉంది. వారం రోజులు నాకు నేనే సంజాయిషీలు చెప్పుకున్నాను. ఏళ్ళ తరబడి రెండు యంత్రాల చప్పుడు వినీ వినీ, ఒకదాని శ్రుతి మారితే నా చెవి పట్టేసి ఉంటుంది. గొట్టం ఊడితే గాలి పోయే చప్పుడు మారుతుంది, అది నిజం. మనసు ఆ చప్పుడుని మాటగా మార్చి, చిన్నప్పుడు విన్న భాషలో నాకు అందించి ఉంటుంది. మంచి సంజాయిషీ. ఇంకొకరు చెబితే నేను సరేననేదాన్ని. కానీ నా మనసు తయారుచేసిన మాట లితియా చెవిలో ఎలా పడింది? నేనే పైకి అన్నానేమో, ఆమె అది విన్నదేమో. అదీ అడిగాను. "మీ గొంతు నాకు తెలియదా మేడమ్? రోజూ తిట్లు తింటున్నాను" అంది.

మూడు వారాలకి గురవయ్య యంత్రం వదిలాడు. మొదట పగలు ఒక గంట, తర్వాత రెండు, తర్వాత రోజంతా. ఒక ఉదయం బుడగలో గాలి తీసేసి, గొట్టానికి మూత పెట్టాను. లితియా పళ్ళెం పట్టుకుని పక్కనే ఉంది. "ఏదైనా అను తాతా" అన్నాను.

రెండు మూడు సార్లు దగ్గాడు. "పానీ" అన్నాడు. సన్నటి, పగిలిన గొంతు. కోడలు ఏడ్చేసింది.

నేను లితియా వైపు చూడకుండా ఉండాల్సింది. చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. బయటికి వచ్చాక, "ఇది కాదు" అంది.

అన్నాళ్ళు గొట్టం ఉంటే ఎవరి గొంతైనా మారిపోతుంది, స్వరతంత్రులు వాస్తాయి, కొన్నాళ్ళు బొంగురుపోతుంది అని చెప్పాను. అదంతా నిజమే, పుస్తకంలో ఉన్నదే. ఆమె ఓపిగ్గా విన్నది. తెలివితక్కువ మాట అన్న మనిషిని మర్యాద కోసం వినేటప్పటి చూపు ఒకటి ఉంటుంది. నేను జీవితమంతా ఇతరులకి పంచిన ఆ చూపు మొదటిసారి నా మీద పడింది.

గురవయ్య ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన సంగతి నాకు తెలియదు.

రోహిణికి నెలలు పట్టింది. వేళ్ళు కదిలాయి, భుజాలు కదిలాయి, ఊపిరి వచ్చింది, చిట్టచివర కాళ్ళు. ఒక రోజు కర్ర పట్టుకుని, తనే నడుచుకుంటూ నా గదికి వచ్చింది. ఊపిరితిత్తుల బలం కొలిచే పరీక్షకి. మళ్ళీ బడికి వెళ్తున్నానని చెప్పింది. ముక్కుకి క్లిప్పు పెట్టబోతుంటే చేత్తో ఆపింది.

"ఆ రోజు తుమ్ కాహే రుకా?" ఎందుకు ఆగావు అని.

అర్థం కానట్టు చూశాను. అలారం తిప్పనిది నేనేనని ఆమెకి అంతకుముందే చెప్పి క్షమాపణ అడిగాను. దాని గురించి కాదు అడుగుతున్నది.

"గొట్టం ఊడిపోయిందని నాకు తెలుసు. నువ్వు వెళ్తున్న అడుగులు వినిపిస్తున్నాయి. వెళ్ళిపోతోంది, ఇంక నా పని అయిపోయింది అనుకున్నాను. అప్పుడు నువ్వు ఏదో అన్నావు, మీ భాషలో. ఎవరో పిలిస్తే పలికినట్టు. అడుగులు ఆగాయి. మళ్ళీ కదిలాయి. తర్వాత లితియా తాత గురించి ఏదో అడిగింది, నువ్వు పరుగెత్తుకొచ్చావు. ఎవరు పిలిచారు నిన్ను?"

"తాత" అన్నాను.

ఆమె నన్నే చూసింది. "హమ్ తో బగలే మే రహా. కోఈ కుచ్ నై బోలా." తను సరిగ్గా ఆ పక్కనే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు.

ప్రాణవాయువు తగ్గితే చెవులు సరిగా పనిచేయవు అని చెప్పబోయి ఆగాను. నా అడుగులు విన్నది. నేను ఆగడం విన్నది. లితియా ప్రశ్న విన్నది. తాత మంచానికి నాకంటే, లితియాకంటే దగ్గరగా పడుకుని, నా జవాబు విన్నది. నేను దేనికి జవాబు చెప్పానో అదొక్కటే వినలేదు.

ముక్కుకి క్లిప్పు పెట్టి, గొట్టం నోటికి అందించి, గుండెలనిండా పీల్చి గట్టిగా ఊదమన్నాను. ఊదింది. కాగితం మీద గీత నిటారుగా పైకి లేచి, మెల్లగా దిగింది. బాగుంది అని చెప్పాను. కాగితం చింపి ఆమె ఫైల్లో పెట్టాను.

ఇంతకు మించి నాకు తెలిసింది ఏమీ లేదు.